ఫోన్లో నేర్చిన తుపాకి

అలీ సాహెబ్‌కి నమ్మకం తక్కువ. ఈ సంగతి ఆయన భార్య రహిమున్నీసా పెళ్లయిన మూడో రోజే కనిపెట్టింది. తాళం వేసి, నాలుగడుగులు వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి ఆ తాళాన్ని గుంజి చూసే మనిషి ఆయన. కండక్టరు చింపి ఇచ్చిన టికెట్టు మీద ఊరి పేరు చదువుకుంటే గానీ సీట్లో ఆనుకుని కూర్చోడు. డాక్టరు రాసిన మాత్రలు ఒక షాపులో కొని, ఇంకో షాపులో చూపించి, ఇవేనా అని అడిగాకే మింగుతాడు. ఇలాంటి మనిషికి దేవుడు అచ్చంగా సరిపోయే కొలువే ఇచ్చాడు. పర్చూరు దాటాక రోడ్డు పక్కనున్న ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా గన్‌మన్. వచ్చిన ప్రతి లారీనీ, లారీ దిగిన ప్రతి మనిషినీ అనుమానంగా చూడటానికే ఆయనకు జీతం.

తుపాకి సొంతం, లైసెన్సు సొంతం. రెండు గొట్టాల పాత తుపాకి, పేల్చడానికి గొట్టానికో మీట. అలీ సాహెబ్ తండ్రి దూదేకేవాడు. విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు కుట్టి పెట్టేవాడు. ఆ ఇంట్లో తుపాకి పట్టిన మొదటివాడు ఈయనే. ముప్ఫై అయిదేళ్ల వయసులో గుంటూరు పోలీసు గ్రౌండ్‌లో పదిహేను రోజులు ఎండలో నిలబడి నేర్చుకున్నాడు. నేర్పిన హెడ్ కానిస్టేబులు చేతిలో బెత్తం ఉండేది. మీట మీదికి వేలు పొరపాటున పోతే చాలు, కణుపు మీద పడేది. ఆ పదిహేను రోజుల గురించి అలీ సాహెబ్ తన హజ్ యాత్ర గురించి చెప్పినంత భక్తిగా చెబుతాడు. హజ్‌కి ఆయన ఇంకా వెళ్లలేదు, అది వేరే సంగతి.

ఆ గ్రౌండ్‌లో నేర్చుకున్న మొదటి మాట ‘మడవడం’. ఆ తుపాకి మధ్యలో కీలు దగ్గర వంగుతుంది. వంచితే గొట్టాల వెనక భాగం తెరుచుకుని, లోపల తూటాలు ఉన్నదీ లేనిదీ కనపడుతుంది. అలా తెరవడాన్ని ఈ చుట్టుపక్కల గన్‌మన్లు మడవడం అంటారు. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి తుపాకి మారాలంటే మడిచే ఇవ్వాలి. అన్న అయినా, తమ్ముడైనా, యజమాని అయినా సరే. మడవని తుపాకిని అందుకోవడమంటే వాళ్లలో తలవంపు.

ఇప్పుడాయనకు అరవై ఆరు. మోకాళ్లు మొరాయిస్తున్నాయి, కంటిలో శుక్లం దిగుతోంది. లైసెన్సు తీసుకుని పాతికేళ్లు దాటినవాళ్లు దాన్ని బతికుండగానే వారసులకు రాసివ్వొచ్చని కలెక్టరాఫీసులో చెప్పారు. వారసురాలు ఒక్కతే, సిద్దికా. ముప్ఫై రెండేళ్లది. చీరాలలో ఒక బట్టల షాపులో లేడీ గార్డు. వచ్చేపోయే ఆడవాళ్ల సంచులు చూసే పని. అదే బజారులో ఒక బంగారం షాపువాళ్లు, తుపాకీ, లైసెన్సూ ఉన్న ఆడమనిషి దొరికితే రేపే చేర్చుకుంటాం అంటున్నారు. నెలాఖరు దాకా ఆగుతామన్నారు. దానికి రెండు కాగితాలు కావాలి. సిద్దికా తుపాకి వాడకం నేర్చుకున్నట్టు ఒక సర్టిఫికెట్టు, తండ్రి ఇష్టపూర్వకంగా రాసిస్తున్నట్టు ఒక ఒప్పుదల పత్రం.

ఒప్పుదల పత్రం అలీ సాహెబ్ చొక్కా జేబులో మూడు వారాలుగా నలుగుతోంది. సంతకం పడలేదు. కారణం ఆ సర్టిఫికెట్టే. సిద్దికా చేరిన చోట పదిహేను రోజుల గ్రౌండు లేదు. ఎనిమిది పాఠాలు ఫోన్లో, ఒక పరీక్ష ఫోన్లో, ఆఖరున ఒకే ఒక్క రోజు గ్రౌండు.

“ఫోన్లో తుపాకి నేర్పుతారా? రేపు ఈత కూడా ఫోన్లోనే నేర్పుతారేమో!” అన్నాడాయన మొదటి రోజు. తర్వాత ఆ శిక్షణ సంస్థను కళ్లారా చూడటానికి చీరాల వెళ్లాడు.

అది ఒక సెల్ ఫోన్ల షాపు పైన, రెండో అంతస్తులో ఉంది. మూడు కుర్చీలు, ఒక ప్రింటరు, గోడ మీద పులి బొమ్మ. కోటేష్ అనే కుర్రాడు లేచి నిలబడి కుర్చీ చూపించాడు. అలీ సాహెబ్ కూర్చోలేదు. గది నాలుగు మూలలా చూశాడు.

“తుపాకి ఏదయ్యా?”

“ఇక్కడెందుకుంటదండీ? గ్రౌండు రోజున ఇన్‌స్ట్రక్టర్ గారు తెస్తారు.”

“మరి అప్పటిదాకా దేన్ని చూసి నేర్చుకుంటారు?”

“వీడియోలో చాలా క్లియర్‌గా ఉంటది సాహెబు గారూ. కావాలంటే జూమ్ చేసుకోవచ్చు.”

“బరువు కూడా జూమ్‌లో తెలుస్తదా?”

కోటేష్ నవ్వాడు. ఆ నవ్వు అలీ సాహెబ్‌కి నచ్చలేదు. పులి బొమ్మ కూడా నచ్చలేదు. మెట్లు దిగుతూ, ఈ మొత్తం వ్యవహారంలో ఏదో తిరకాసు ఉందని తేల్చేసుకున్నాడు. పిల్ల చేతిలో పనికిరాని కాగితం పెట్టి పంపిస్తారు. ఆ కాగితం నమ్మి తను తుపాకి ఇస్తాడు. బంగారం షాపులో పదిమంది మధ్య అది పేలి పిల్ల కాలో, ఇంకొకరి ప్రాణమో పోతుంది. అప్పుడు ఈ కోటేషుగాడు ఫోను ఎత్తుతాడా? ఇదీ ఆయన భయం. భయం అని బయటికి చెప్పడు గనక, ఇంట్లోవాళ్లకు అది చిరాకులాగా కనపడేది.

ఆ రోజు నుంచి కూతురి మీద నిఘా పెట్టాడు. సాయంత్రం సిద్దికా చీరాల నుంచి వచ్చి, వంటింట్లో కూర్చుని పాఠం పెట్టుకునేది. ఫోను ఉప్పుడబ్బాకి ఆనించి, దొండకాయలు తరుగుతూ వినేది. ఈయన నీళ్ల కోసం వచ్చినట్టు వచ్చి తలుపు పక్కన ఆగేవాడు. నీళ్లు తాగీ తాగీ కడుపు ఉబ్బిపోతున్నా వెనక్కి తగ్గలేదు. మూడో రోజుకి దొరికింది తప్పు. ఫోన్లో మనిషి ఉరుకులు పరుగుల మీద మాట్లాడుతున్నాడు.

“వాడికేం తొందర?”

“నేనే స్పీడు పెంచా నాన్నా. మెల్లగా చెబుతున్నాడు, నిద్రొస్తంది.”

“తుపాకి పాఠం స్పీడు పెంచి వింటున్నావా?” ఆయన గొంతు వీధి చివర దాకా వినపడింది. “నాకు నేర్పినాయన ఒక్క ‘మడువు’ అనే మాట మూడు రోజులు నేర్పాడే!”

సిద్దికా స్పీడు తగ్గించింది. అప్పుడు ఫోన్లో గొంతు, మిషను మాట్లాడినట్టున్న తెలుగులో తీరిగ్గా చెప్పింది: “తుపాకీని స్వీకరించిన వెంటనే, ముందుగా తుపాకీని విరగ్గొట్టండి.”

అలీ సాహెబ్ గ్లాసు కింద పెట్టాడు.

“ఏమన్నాడు?”

“మడవమని నాన్నా. ఇంగిలీషులో అట్లా అంటారంట. దాన్ని తెలుగులోకి మార్చినోడికి తెలియక...”

“విరగ్గొట్టమంటున్నాడే! రహిమున్నీసా, విన్నావా? ముందు తుపాకి విరగ్గొట్టాలంట. తర్వాత పాఠం ఏంది, ముక్కలు పాతసామాన్లోడికి అమ్మడమా?”

రహిమున్నీసా పొయ్యి దగ్గర్నుంచి కదలకుండానే, “విరగ్గొడితే పీడా వదులుతది. ముప్ఫయ్యేళ్లుగా నా మంచం కింద పడుకుంటంది,” అంది.

ఆ ‘విరగ్గొట్టండి’ని అలీ సాహెబ్ వారం రోజులు ఊరంతా తిప్పాడు. టీ కొట్టులో చెప్పాడు, కాటా దగ్గర చెప్పాడు, హమాలీలను ఆపి మరీ చెప్పాడు. ఈలోగా సిద్దికా ఎనిమిది పాఠాలూ పూర్తిచేసి పరీక్ష రాసింది. ఇరవైకి పంతొమ్మిది వచ్చాయి. ఇక గ్రౌండు రోజొక్కటే మిగిలింది. ఇంకో తండ్రయితే సంతోషించేవాడు. ఈయనకు అనుమానం ఇంకాస్త ముదిరింది.

“పంతొమ్మిదా? ఎవరు చెప్పారు జవాబులు?”

“ఎవరూ చెప్పలా.”

“కోటేషుగాడు చెప్పాడా?”

సిద్దికా కత్తిపీట పక్కకు జరిపింది. తండ్రి మాటకు ఎదురు చెప్పే పిల్ల కాదు, కానీ ఆ రోజు కళ్లలో నీళ్లు తిరిగాయి. “నాన్నా, నువ్వు నన్ను నమ్మొద్దు. పరీక్ష పెట్టు. నీ తుపాకితోనే పెట్టు. తప్పితే ఆ కాగితం చించెయ్. బంగారం షాపువాళ్లకు రానని నేనే చెబుతా.”

అది న్యాయంగా అనిపించింది ఆయనకు. ఆదివారం ఉదయం, వెలుతురు బాగా వచ్చాక, పెరట్లో పరీక్ష అని ప్రకటించాడు.

ఆదివారం తెల్లారే లేచి తూటాలు తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. తాళం గుంజి చూశాడు. తుపాకి పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. ఎండబెట్టిన మిరపకాయల పట్టా ఒక పక్కకు లాగి, రహిమున్నీసాను లోపలికి పొమ్మన్నాడు. ఆమె పోలేదు. గడపలో నిలబడింది.

అలీ సాహెబ్ మొదటి ఎత్తు వేశాడు. తుపాకి మడవకుండా, ఎంతో మామూలుగా, “ఇదిగో పట్టుకో,” అని కూతురికి అందించాడు.

సిద్దికా చేతులు చాచలేదు. వెనక్కి కట్టుకుంది.

“మడిచి ఇవ్వు నాన్నా.”

ఆయన గుండె ఎగిరి గంతేసింది. మొహంలో మాత్రం ఏమీ కనపడనివ్వలేదు. మడిచి ఇచ్చాడు. ఆమె గొట్టాల మూతి నేలవైపు ఉండేట్టు అందుకుంది. బరువుకి మొదట చెయ్యి కిందికి కుంగింది గానీ వేలు మీట దగ్గరికి పోలేదు. వెనక భాగంలోకి తొంగి చూసింది. తూటాలు కూర్చునే రెండు గదుల్లోనూ చిటికెన వేలు పెట్టి తడిమింది. “తూటాల్లేవు,” అంది. అంతటితో ఆగుతుందనుకున్నాడు. ఆమె తుపాకిని వెలుతురు వైపు తిప్పి, ఒక కన్ను మూసి, వెనక నుంచి గొట్టాల్లోకి చూసింది. చాలాసేపు చూసింది.

“నాన్నా, అవతల వెలుగు కనపడట్లా.”

అలీ సాహెబ్ మొదటిసారిగా నవ్వాడు. మూడు వారాలుగా ఎదురు చూస్తున్న తప్పు దొరికినందుకు వచ్చిన నవ్వు అది.

“కనపడదు. దూది ఉంది గనక కనపడదు. మీ ఫోనోడు ఇది చెప్పలేదా? చెప్పడు. వాడు ఏసీ గదిలో కూర్చుని చెబుతాడు. వాడికి మిరపకోరు అంటే ఏం తెలుసు?”

ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆ కోల్డ్ స్టోరేజీలో బస్తాలు దింపేటప్పుడు లేచే మిరపకోరుకి, ఆ ఘాటు దుమ్ముకి, హమాలీలు తలగుడ్డలు ముక్కులకు బిగించుకుని కూడా దగ్గుతారు. ఆ కోరు గొట్టాల్లోకి దిగి నూనెతో కలిస్తే ముద్ద అవుతుంది. కొలువులో చేరిన మొదటి ఏడాది ఆయన గొట్టంలోకి నోటితో ఊది, కళ్లు మండి, రెండు రోజులు మంచం దిగలేదు. అప్పటి పెద్ద గన్‌మన్ మాబు చెప్పిన కిటుకు ఇది. గొట్టం మూతిలో, బయటికి కనపడకుండా వేలి కణుపంత లోపలికి, చిటికెడు దూది కూరడం. దూదేకే ఇంట పుట్టినవాడికి దూది ఎంత పెట్టాలో, ఎంత వదులుగా పెట్టాలో ఒకరు చెప్పాలా? రోడ్డు మీద పోయే పత్తి ట్రాక్టరు నుంచి ఒక పీచు లాక్కుని, గింజ తీసి, వేళ్లతోనే ఏకి పెట్టేవాడు. ఈ పని ఆయన ఎంతో గర్వంగా చేసేవాడు.

“మరి పేల్చాల్సొస్తే?” సిద్దికా అడిగింది.

“తీసి పేలుస్తాం.”

“తీసే టైముంటదా?”

“లేకపోతే దాంతోనే పేలుస్తాం. దూదేగా, ఎగిరిపోతది.”

“ఎగిరిపోదు నాన్నా. అయిదో పాఠంలో మూడుసార్లు చెప్పాడు. గొట్టంలో మట్టయినా, గుడ్డయినా, ఏది అడ్డమున్నా గొట్టమే పగులుతదంట. పట్టుకున్నోడి చెయ్యి పోద్దంట. పగిలిన గొట్టం బొమ్మ కూడా చూపించాడు.”

“బొమ్మలు ఎన్నయినా చూపిస్తారు!” అని ఆయన గద్దించాడు. “ఇదిగో, ఎంత తేలిగ్గా వస్తదో చూడు.” తుపాకి వెనక్కి తీసుకుని, ముందు నుంచి ఇనప తీగ కొక్కెం పెట్టి ఎడమ గొట్టంలో దూది లాగాడు. తెల్లగా, పొడిగా వచ్చేసింది. కూతురి చేతిలో పెట్టాడు. కుడి గొట్టంలోదీ అలాగే వచ్చింది. “చూశావా?” అన్నాడు.

సిద్దికా మళ్లీ వెనక నుంచి చూసింది. “ఎడమ దాంట్లో ఆకాశం కనపడతంది. కుడి దాంట్లో ఇంకా చీకటే.”

ఆయన నమ్మలేదు. తనే చూశాడు. శుక్లం కంటికి ఏమీ తెలియలేదు. కొక్కెం పెట్టి కదిపాడు. లోపల ఇంకేదో ఉంది. లాగితే రాలేదు. వెనక నుంచి శుభ్రం చేసే కడ్డీ పెట్టి నెట్టాడు. రాలేదు. సిద్దికా గొట్టం పట్టుకుంటే, ఆయన కడ్డీ మీద రెండు చేతులూ వేసి, పళ్లు బిగించి నెట్టాడు. అది ఒక్కసారిగా ఊడి నేల మీద పడింది. దూది కాదది. నూనె తాగి, కోల్డ్ స్టోరేజీ చెమ్మకి ఉబ్బి, గట్టిపడి, ఎర్రగా తుప్పు అంటిన బిరడా. గొట్టం లోపల వేలు పెట్టి తడిమితే గరుకుగా ఒక వలయం తగిలింది.

పాత దూది అలా ఉండగానే దాని మీద కొత్తది కూరాడన్నమాట. ఎన్ని నెలల కిందటిదో ఆయనకే తెలియదు. పాతది తీశాననే అనుకున్నాడు. కళ్లకు కనపడలేదు. తాళాన్ని గుంజి చూసేవాడు, టికెట్టు చదివేవాడు, మాత్రలు రెండు షాపుల్లో చూపించేవాడు. తన చేతులను మాత్రం ఒక్కనాడూ అనుమానించలేదు.

అలీ సాహెబ్ అరుగు మీద కూర్చున్నాడు. పోయిన ఏడాది బంద్ రోజు మధ్యాహ్నం, స్టోరేజీ వెనక గోడ దూకి నలుగురు ట్రాన్స్‌ఫార్మరు రాగితీగ కోయబోతుంటే, ఈయన తుపాకి ఆకాశంలోకి ఎత్తి మీట మీద వేలు వేశాడు. వాళ్లు పారిపోయారు గనక పేల్చలేదు. వాళ్లు ఇంకొక్క క్షణం ఆగి ఉంటే పేల్చేవాడే. ఆ రోజు వేలు వేసింది కుడి గొట్టం మీటమీదే. ఆ కథ ఆయన మీసం తిప్పుకుంటూ ఎందరికో చెప్పాడు. ఇప్పుడు, ఆ రోజు గొట్టాలను పట్టుకున్న ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని, వేళ్లన్నీ ఉన్నాయా అన్నట్టు నిమురుకున్నాడు.

రహిమున్నీసా నీళ్లు తెచ్చి ఇచ్చింది. అనవలసిన మాటలు చాలా ఉన్నా అనకుండా ఉండటం ఆ రోజు ఆమె చేసిన ఉపకారం.

రెండు గుక్కలు తాగి ఆయన ఉలిక్కిపడ్డాడు. “బుల్లయ్య!”

బుల్లయ్య దర్శి దగ్గర ఒక పత్తి మిల్లులో గన్‌మన్. ఆరేళ్ల కిందట ఈ కోల్డ్ స్టోరేజీలోనే అలీ సాహెబ్ దగ్గర పని నేర్చుకుని వెళ్లాడు. ఫోన్లో కాదు, ఎదురుగా నిలబెట్టి, చెయ్యి పట్టుకుని నేర్పాడు. దూది ఎలా ఏకాలో, ఎంత లోపలికి కూరాలో చూపించి, మొదటిసారి తన వేలితోనే కూరి పెట్టాడు. పత్తి మిల్లులో దూదికి కొదవా?

వెంటనే ఫోను చేశాడు. “ఏరా బుల్లయ్యా, గొట్టాల్లో దూది ఉందా?”

“ఉండకేమన్నా! నువ్వు చెప్పినట్టే పెడతన్నాగా.”

“తీసెయ్. ఇప్పుడే తీసెయ్. పేలిస్తే గొట్టం పగులుతదంట.”

“ఎవరు చెప్పారు?”

“మా సిద్దికా.”

“ఫోన్లో నేర్చుకుంటంది, విరగ్గొట్టమన్నారు అంటివే, ఆ పాఠమేనా?” బుల్లయ్య పగలబడి నవ్వాడు. అలీ సాహెబ్ నవ్వలేదని తెలిశాక సర్దుకున్నాడు. “సరే అన్నా, తీసేస్తాలే.” అయిదు నిమిషాల తర్వాత అతనే ఫోను చేసి, “తీసేశానన్నా,” అన్నాడు.

మరీ తొందరగా చెప్పాడు. ఆ గొంతులో అలీ సాహెబ్‌కి నమ్మకం చిక్కలేదు. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. “ఫోన్లో తీశానంటే తీసినట్టేనా?” అని ఇద్దర్నీ విసిగించాడు. మర్నాడు సిద్దికా చేత షాపుకి సెలవు పెట్టించి, ఆమెను వెంటబెట్టుకుని అద్దంకి మీదుగా దర్శి బస్సెక్కాడు. దారంతా చేలల్లో పత్తి తీస్తున్నారు. ఆయన కిటికీలోంచి చూడలేదు.

మిల్లు గేటు దగ్గర బుల్లయ్య కుర్చీలోంచి లేచి వచ్చాడు. చొక్కా మీద, మీసాల మీద దూది పీచు. “ఇంతదూరం ఎందుకొచ్చావన్నా? తీశానని చెప్పాగా! రా అమ్మా సిద్దికా, టీ తెప్పిస్తా.”

“టీ తర్వాత. ముందు మడువు.”

బుల్లయ్య నొచ్చుకున్నాడు. అయినా గురువు గనక, భుజం మీది తుపాకి దించి, మడిచి, రెండు తూటాలూ తీసి జేబులో వేసుకున్నాడు. గొట్టాల మూతి నేలకు వంచి, పద్ధతి ప్రకారం అలీ సాహెబ్ వైపు చాచాడు.

అలీ సాహెబ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. “నాక్కాదు. అమ్మాయికివ్వు. చూసేది అమ్మాయే.”

బుల్లయ్య ఆయన మొహంలోకి చూశాడు. హాస్యమేమీ లేదని అర్థమయ్యాక సిద్దికా చేతికి ఇచ్చాడు. ఆమె గదుల్లో వేలు పెట్టి తడిమింది. గొట్టాలు ఎండవైపు తిప్పి, ఒక కన్ను మూసి చూసింది. మిల్లు లోపల మిషన్లు రొద చేస్తున్నాయి.

“ఒకటి తీశాడు నాన్నా,” అంది. “రెండో దాంట్లో ఉంది.”

“ఆ రెండోది ఎప్పుడూ వాడను కదమ్మా...” అని మొదలుపెట్టి బుల్లయ్య ఆగిపోయాడు. తను అన్నదేమిటో తనకే వినపడింది. జేబులో రెండు తూటాల మీద చెయ్యి వేసుకున్నాడు. సిద్దికా కొక్కెం అడిగి తీసుకుని, అక్కడే గేటు పక్కన కూర్చుని, ఆ దూది బయటికి లాగి అతని అరచేతిలో పెట్టింది. మళ్లీ ఒకసారి వెలుగు చూసుకుని, మడిచిన తుపాకిని మడిచినట్టే అతనికి తిరిగి ఇచ్చింది.

అలీ సాహెబ్ చొక్కా జేబులోంచి ఒప్పుదల పత్రం తీశాడు. మడతలు విప్పి, బుల్లయ్య కుర్చీ మీద పరిచి, వంగి, తన పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టాడు. పెన్ను బుల్లయ్యకు అందించాడు.

“కింద సాక్షి అని ఉంది, అక్కడ నువ్వు పెట్టు,” అన్నాడు. “ఎదురుగా చూశావు కదా.”